ఎముకలు లేని కోళ్ళు

మధ్యాహ్నం మూడో తరగతికి పాఠం చెప్పాలంటే ముందు పళ్ళ చప్పుడు ఆపాల్సి వచ్చేది. నేను బోర్డు వైపు తిరిగి ఎక్కం రాస్తుంటే వెనకాల కటుక్కు కటుక్కుమని వినపడేది. తిరిగి చూస్తే అన్ని నోళ్ళూ మూసే ఉండేవి, బుగ్గలు మాత్రం ఒక పక్కకి ఉబ్బి ఉండేవి. కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఒకరోజు ముందు వరసలో పిల్లాడి బుగ్గ మీద వేలు పెట్టి ఉమ్మెయ్యమన్నాను. పొట్టు ఊడిన చింతగింజ ఒకటి పలక మీద టక్కున పడింది.

"ఏందిరా ఇది?"

"సాపాటు టీచర్," అన్నాడు.

వెటకారానికి అన్నాడేమోనని చెయ్యెత్తాను కూడా. కానీ వాడి మొహంలో వెటకారం లేదు. రోడ్డు పక్క చింతచెట్ల కింద గింజలేరుకుని, ఎవరి పొయ్యిలోనో నిప్పుల మీద వేయించుకుని, పొట్టు రాల్చుకుని బుగ్గన పెట్టుకుంటే బడి వదిలే వేళకి మెత్తబడుతుంది. అంతవరకూ నోట్లో ఏదో ఉందన్న ధైర్యం. పనస కాలంలో కాల్చిన పనసపిక్కలు, గుమ్మడికాయ కోసిన ఇంట్లో గుమ్మడి గింజలు, ఏదీ లేనప్పుడు చింతగింజలు. మా బడి పిల్లల మధ్యాహ్న భోజనం అదీ.

ఈమధ్య పత్రికల్లో గింజల గొప్పతనం మీద వ్యాసాలు తెగ వస్తున్నాయి. మొన్న నన్ను చూడవచ్చిన పడుచు టీచరు ఒకామె సంచిలోంచి చిన్న డబ్బా తీసి, అందులోంచి నాలుగు గింజలు నాకూ పెట్టి, వీటిలో ఇంత బలముంది, అంత బలముందని చెప్పింది. బుద్ధిగా విన్నాను. ఉద్యోగం నించి దిగిపోయినవాళ్ళకి వినడం ఒక్కటే పని కదా. కానీ ఆ పాఠం నాకు చాలా ఏళ్ళ కిందటే అయింది. చెప్పింది పుస్తకం కాదు, ఒక దీర్ఘం. ఉండకూడని చోట ఉన్న దీర్ఘం.

పెరంబూరులో, రైల్వే వర్కుషాపుకి దగ్గర్లో ఉండేది మా తెలుగు బడి. రేకుల కప్పు, నాలుగు గదులు, గదికీ గదికీ మధ్య తడికలు. వర్కుషాపు కూలీల పిల్లలు, మూటలు మోసేవాళ్ళ పిల్లలు, ఊడ్చేవాళ్ళ పిల్లలు చదువుకునేవాళ్ళు. నేను ట్రెయినింగు ముగించుకుని కొత్తగా చేరాను. మాది తాతల నాటి నించీ మైలాపూరే. ట్రాములు అప్పుడే ఆగిపోయాయి, రెండు బస్సులు మారి వచ్చేదాన్ని.

మా హెడ్మాస్టరుగారు మటుకు కృష్ణా జిల్లా నించి వచ్చారు. ఆంధ్ర వేరుపడి, మద్రాసులో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది పెట్టెలు సర్దుకుని అటు వెళ్తున్న రోజుల్లో, ఆయన పెట్టె సర్దుకుని ఇటొచ్చారు. ఎందుకండీ అంటే, "అందరూ వెళ్ళిపోతే ఇక్కడి పిల్లలకి అఆలు ఎవరు దిద్దిస్తారమ్మా?" అనేవారు. పంచె, లాల్చీ, చేతిలో గొడుగు. కోపం రాదు, గొంతు పెంచరు. ఒక్క విషయంలో మాత్రం క్షమించేవారు కాదు. పిల్లలు దీర్ఘం మింగేస్తే ఆయన ప్రాణం విలవిల్లాడిపోయేది. "కాలు అంటే నడిచేది, కలు అంటే ఏవిట్రా? దీర్ఘం ఉంటేనే మాట నిలబడుతుంది," అని అనిపించి అనిపించి వదిలేవారు. నేను 'ఈడ' 'ఆడ' అన్నప్పుడల్లా "మీది తెలుగేనా అమ్మా?" అని నవ్వేవారు. తమిళం ఆయనకి ఒక్క ముక్క రాదు. నేర్చుకుందామన్న తొందరా లేదు.

బడి వెనక తాటాకు షెడ్డులో ఒక పొయ్యి ఉండేది. వీధివీధీ తిరిగి ఇంటికి పిడికెడు చొప్పున బియ్యం పోగుచేసి, దాంతో గంజి కాసి పోసేవాళ్ళం. వండేది వర్కుషాపు కూలీ భార్య, కిరస్తానం ఆమె, నోటి దురుసు, మనసు వెన్న. ఆమె గరిటె తిప్పుతుంటే ఆ చప్పుడుకే పిల్లలు వరస కట్టేవాళ్ళు. గంజి పోసిన రోజున మధ్యాహ్నం క్లాసు నిండుగా ఉండేది. పొయ్యి వెలగని రోజున సగం మంది ఇంటికని వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు కాదు. మిగిలిన సగం మంది బుగ్గల్లో చింతగింజలు.

అప్పుడప్పుడూ పిల్లల్ని చూడ్డానికి ఒక లేడీ డాక్టరు వచ్చేవారు. తమిళావిడ. ఒకసారి ఒక్కొక్కర్ని నోరు తెరవమని, కంటి రెప్ప కిందికి లాగి చూసి, నన్ను పక్కకి పిలిచారు. దాదాపు అందరికీ నోటి మూలలు పగిలి ఉన్నాయి, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. గంజి కడుపు నింపుతుంది గానీ కండ పట్టించదని ఆవిడ చెప్పారు. బియ్యంలో లేనిది పప్పుగింజలో ఉంటుంది, పప్పుగింజలో తక్కువైంది నువ్వుల్లో ఉంటుంది, పాలు కొనలేని ఇంట్లో ఈ మూడూ కలిపి పెడితే పాల లోటు కొంత తీరుతుంది, దాంతోపాటు గుప్పెడు ఆకుకూర పడితే ఇంకా మంచిది అన్నారు. పప్పుగింజల్ని నానబెట్టి మొలకెత్తించి పెడితే నోటి పుళ్ళు కూడా మానతాయన్నారు. నేను బుర్ర ఊపాను. ఊపడానికేం, మైలాపూరులో మా ఇంట్లో పప్పుకి లోటా!

హెడ్మాస్టరుగారికి చెబితే ఆయన దాన్ని వెంటనే పాఠం చేసేశారు. "చెట్టుకి కాళ్ళు లేవర్రా. బిడ్డతో కూడా రాలేదు. అందుకని గింజలో సద్ది కట్టి పంపిస్తుంది. ఆ సద్ది మనం తింటున్నాం," అన్నారు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. వంటామె మాత్రం షెడ్డులోంచి, "ఆ సద్ది ఈడికెప్పుడొస్తాదో కాస్త కనుక్కోండి సార్," అని అరిచింది.

రాలేదు సరికదా, వానలు పట్టుకునేసరికి ఉన్న బియ్యమూ తగ్గిపోయింది. పని దొరకని నెలల్లో పిడికెళ్ళు చిన్నవైపోతాయి, ఎవరిననగలం? బడి కమిటీ పెద్దాయన ఒకరోజు వచ్చి షెడ్డంతా తిరిగి చూసి, "ఈ నెలాఖరు దాకా నడపండి. ఆపైన పొయ్యి పీకేసి విరిగిన బెంచీలు ఇందులో వేసుకుందాం," అని వెళ్ళిపోయాడు. ఆయనేం దుర్మార్గుడు కాదు. పొయ్యి పోతే మధ్యాహ్నం బడి పోతుందని, మధ్యాహ్నం బడి పోతే ఆ పిల్లలు మూటల కింద దూరిపోతారని ఆయనకి తట్టలేదంతే. నాకు తట్టింది. భయమేసింది. ఆ సాయంత్రం బస్సులో కూచుని ఏడ్చాను కూడా.

ఏడ్చి లాభం లేదని మర్నాడు బజారులో ఒక ధాన్యం వ్యాపారి దగ్గరికి వెళ్ళాను. తమిళాయన, మాట్లాడేది ముప్పావు తమిళం, పావు తెలుగు. అందరూ ఆయన్ని మొదలాళి, అంటే యజమాని, అనేవాళ్ళు. జట్కా లాయాలకి గుర్రాల దాణా సరఫరా చెయ్యడం ఆయన పెద్ద వ్యాపారం. బస్సులూ రిక్షాలూ పెరిగి జట్కాలు తగ్గుతున్న రోజులు. దుకాణంలో మూటలు కప్పు దాకా పేరుకుని ఉన్నాయి. నేను కందిపప్పు అడిగాను. "పప్పు ముడియాదమ్మా. ఇంకేమన్నా యోచన చేసి ఆళ్ళతో చెప్పి అనుప్పుతా," అన్నాడు. అంటే పప్పు కుదరదు, ఇంకేదన్నా ఆలోచించి మనిషి చేత కబురంపుతానని. అందరూ అనేమాటే అనుకుని వచ్చేశాను.

సంగతి విని వంటామె పెదవి విరిచింది. "ఆయనా? పోయిన ఏడు ఏదో సత్రానికి ధర్మం చేస్తే, గుర్రం మేత మాకిస్తావా అని ఆడోళ్ళు మూట ఈదిలో పారబోసినారంట. ఆ రోజే ఒట్టేసినాడంట, ఇంక ఎవురికీ గింజ ఇయ్యనని. నువ్వు బలే ఆడికే పోయినావు టీచరమ్మా."

ఒట్టు పెట్టుకున్న మనిషి ఒట్టు తీసి గట్టున పెట్టి నిజంగానే గుమాస్తాని పంపాడు. నా కర్మకి అప్పుడు నేను షెడ్డులో గంజి పోస్తున్నాను. గుమాస్తా నేరుగా హెడ్మాస్టరుగారి గదికి వెళ్ళాడు. ఆ సంభాషణ తర్వాత ఇద్దరి నోటా విన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పగలను.

"మా మొదలాళి మీ బడికి రొండు మూట కొళ్ళు అనుప్పిస్తాడంట సార్. నెలనెలా. పిల్లకాయలకి ఒండి పెట్టమన్నాడు."

మద్రాసులో ఉలవల్ని తెలుగిళ్ళలో కూడా తమిళంలో లాగా కొళ్ళు అనే అంటాం. కృష్ణా జిల్లా చెవికి అది కోళ్ళయింది. ఏ మాటలోనైనా జారిపోయిన దీర్ఘాన్ని వెతికి పెట్టడం ఆయనకి అలవాటే కదా.

"కోళ్ళా! మూటల్లోనా? ఊపిరి ఎలా ఆడుతుంది నాయనా వాటికి?"

"గోనె మూటే కదా సార్. గాలి బాగానే ఆడతాది. పురుగు పట్టదు."

"పురుగా! ఒక్కో మూటలో ఎన్నుంటాయి?"

"ఎన్నని ఎట్ల లెక్కబెట్టేది సార్?" గుమాస్తా బిత్తరపోయాడు.

"సరే, వచ్చాక ఎక్కడ ఉంచాలి?"

"ఓ మూల పడేస్తే సరి. ఎలకలు మాత్రం చూసుకోవాల."

హెడ్మాస్టరుగారు చీమని చూసి పక్కకి అడుగేసే మనిషి. ఇక తట్టుకోలేక లేచి నిలబడ్డారు. "వద్దు నాయనా. మీ యజమాని మంచి మనసుతోనే పంపుతున్నారు, వారికి నా నమస్కారాలు చెప్పు. కానీ ఇలాంటివి మా పిల్లలకి పెట్టం. వద్దని చెప్పు," అన్నారు. గుమాస్తా మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. తడిక అవతల మూడో తరగతి వాళ్ళు అప్పుడే గంజి తాగి వచ్చి కూచున్నారు. పిల్లల చెవికి 'కోళ్ళు' వినిపిస్తుంది, 'వద్దు' వినిపించదు. ఆ సంగతి మర్నాడు గానీ మాకు తెలిసిరాలేదు.

నేను గదిలోకి వెళ్ళేసరికి ఆయన ఇంకా బాధపడుతూనే ఉన్నారు. "మీ వ్యాపారి కోళ్ళు పంపిస్తాట్టమ్మా. ప్రాణమున్నవాటిని మూటగట్టి, మూల పడేసి, ఎలకల్ని చూసుకోమంటాడు! వద్దని పంపించేశాను."

నాకు ముందు నవ్వొచ్చింది. రెండు మూటలన్న మాట వినగానే నవ్వు గొంతులోనే ఆగిపోయింది. "సార్, కోళ్ళు కాదు సార్. కొళ్ళు. కొ, కొ! ఉలవలు సార్!"

ఆయన మొహం చూడాల్సింది. కుర్చీలో కూలబడిపోయారు. "ఉలవలా? ఉలవలనా నేను వద్దన్నది?" అని రెండుసార్లు అన్నారు. వాళ్ళ వైపు ఉలవచారు లేనిదే పెళ్ళి పెళ్ళే కాదట. ఆయన మద్రాసు వచ్చాక ఉలవచారు నోటికి తగలక బెంగపెట్టుకుని ఉన్నారట. ఆ బెంగ సంగతి తర్వాత చూసుకోవచ్చు గానీ, ఒకసారి వీధిలో పారబోయించుకున్న మనిషిని మళ్ళీ గుమ్మంలోంచి తిప్పి పంపాం. ఇంక అతను మా మొహం చూస్తాడా?

బడి వదలగానే ఇద్దరం బజారుకి బయల్దేరాం. సన్నగా జల్లు పడుతోంది. ఆయన గొడుగు నా మీద పట్టి, తాను తడుస్తూ, దారి పొడుగునా నేను నేర్పిన క్షమాపణ వల్లె వేస్తూ నడిచారు. "మన్నిచ్చుక్కోంగ, మన్నిచ్చుక్కోంగ." అందులోనూ ఎక్కడో ఒకచోట దీర్ఘం పెట్టేస్తున్నారు. నేను దిద్దలేదు. దిద్దే స్థితిలో లేను.

దుకాణం మెట్లెక్కామో లేదో మొదలాళి గద్దె మీంచి లేచి నిలబడ్డాడు. అయిపోయింది, తిట్టబోతున్నాడనుకున్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి హెడ్మాస్టరుగారికి దణ్ణం పెట్టాడు.

"వాంగ సార్, వాంగ! నాకు బుద్ధి చెప్పినారు. ఆళ్ళు మూట పారబోసినప్పుడు కోపం వచ్చింది. మీరు వద్దన్నారని ఈ గుమాస్తా వచ్చి చెప్పినప్పుడూ ముందు కోపమే వచ్చింది. అప్పురం కూచుని యోచన చేసినాను. ఇళైచ్చవనుక్కు ఎళ్ళు, కొళుత్తవనుక్కు కొళ్ళు! మా పాటి చెప్పిన సామెత. నేను మరిచినాను, మీరు మరవలే. ఇంక కొళ్ళు వద్దు, ఎళ్ళే ఇస్తాను."

చిక్కినవాడికి నువ్వులు, బలిసినవాడికి ఉలవలు. తమిళ పాటీలు, అంటే అవ్వలు, తరచు అనే సామెత అది. మా పిల్లలు పుల్లల్లా ఉన్నారు కాబట్టి వాళ్ళకి ఉలవలు పనికిరావని తెలిసే ఈ పెద్దమనిషి వద్దన్నాడని మొదలాళి అర్థం చేసుకున్నాడు. హెడ్మాస్టరుగారు ఆయనకి ఆహారశాస్త్రం క్షుణ్ణంగా చదివిన పండితుడిలా కనిపిస్తున్నారు. ఇంక పండితుడుగారు నావైపు వంగి, "ఇప్పుడు ఏళ్ళు ఇస్తానంటున్నాడేవిటమ్మా? ఎవరి ఏళ్ళు?" అని గుసగుసలాడారు.

"మీరు ఊరుకోండి సార్, మీ పుణ్యముంటుంది," అన్నాను.

గండం గడిచిందని గుండె తేలికపడింది గానీ, వెంటనే ఇంకో గుబులు పట్టుకుంది. మొదలాళి ఉలవలు మానేసి నువ్వులు మాత్రం ఇస్తానంటున్నాడు. నువ్వులు మంచివే, ఎముకలకి బలమే, కానీ ఉండ తినొచ్చు గానీ కడుపు నిండా తినలేం కదా. గంజి పక్కన రోజూ నిలబడాల్సింది ఉలవలే. ఆయన సామెతని కాదంటే పాటిని కాదన్నట్టు. మా సార్ వద్దన్నది అందుకు కాదని చెబితే ఇద్దరి పరువూ పోతుంది. దుకాణం నలువైపులా చూశాను. ఎదురుగా జట్కా ఒకటి ఆగి ఉంది. గుర్రం మూతికి సంచి కట్టి ఉంది, అది నములుతోంది.

"అయ్యా, మీ పాటి మాట నిజమే. కానీ మీ దుకాణంలో ఇన్నేళ్ళుగా కొళ్ళు తిన్న గుర్రం ఒక్కటన్నా ఇళైచ్చిందా, చిక్కిపోయిందా?" అన్నాను.

మొదలాళి గుర్రం వైపు చూశాడు. నా వైపు చూశాడు. బొజ్జ ఊగిపోయేలా నవ్వాడు.

"లేదమ్మా! ఒక్కటీ ఇళైక్కలే!"

"బలిసి కూచున్నవాళ్ళకి కొళ్ళు ఒళ్ళు తీస్తాయేమో. పరుగెత్తే ఈడువాళ్ళకి బలమిస్తాయి. మా పిల్లలు పరుగెత్తే ఈడువాళ్ళు. ఎళ్ళు పెట్టండి, కొళ్ళూ పెట్టండి. రెండూ కావాలని చెప్పడానికే మా సార్ వానలో వచ్చారు."

ఇంతలో తన వంతు వచ్చిందనుకుని హెడ్మాస్టరుగారు చేతులు జోడించి, "మాన్నీచ్చుక్కోంగ," అన్నారు. ఇంత పండితుడికి ఎంత వినయమోనని మొదలాళి కళ్ళు చెమర్చాయి. ఒప్పుకున్నాడు. నెలకి రెండు మూటల కొళ్ళు, ఒక బుట్ట ఎళ్ళు. ఒక్క షరతు పెట్టాడు. రేపు మధ్యాహ్నం తానే వచ్చి చూస్తాడు. ఒక్క పిల్లకాయ గుర్రం మేతని పారేసినా మూట తిరిగి లాయానికి పోతుంది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు.

సాయంత్రమే చేతిబండి మీద మూటలొచ్చాయి. నువ్వులు చేతికి చెయ్యి అందుకోకూడదు కాబట్టి గుమాస్తా బుట్టని నేల మీద పెట్టాడు, వంటామె నేల మీంచి తీసుకుంది. ఉలవలు చూసి ఆమె తల కొట్టుకుంది. "ఇదే మేతని ఆ సత్రపోళ్ళు పారబోసింది టీచరమ్మా! మన పిల్లకాయలు ఊరుకుంటారా? రేపటికే బియ్యం ఉండేది. ఇది కూడా పోతే ఈ పొయ్యిలో పిల్లి పండుకుంటాది." అంటూనే కాగులో నీళ్ళు పోసి నానేసింది.

మర్నాడు తెల్లవారేసరికే హెడ్మాస్టరుగారు పంచె ఎగ్గట్టి పొయ్యి దగ్గర ఉన్నారు. ఉలవల్ని గంటల తరబడి మెత్తగా ఉడికించి, ఆ చిక్కటి కట్టు వార్చి, చింతపండు పులుసు, ఉల్లిపాయ, చిన్న బెల్లం ముక్క వేసి మరిగిస్తే చారు. వార్చగా మిగిలిన గింజల్ని ఆవాలు, కరివేపాకు, ఎండుమిరపతో తిరగమోత పెడితే గుగ్గిళ్ళు. ఏదీ వృథా పోదు. నువ్వుల్ని దోరగా వేయించి బెల్లంతో దంచి ఉండలు చేయించారు. ఆయన చిమ్మిలి అన్నారు, నేను నూగుల ఉండలన్నాను, వంటామె ఎళ్ళురుండ అంది. దంచిన రోలుకి మాత్రం ఏ భాషా పట్టలేదు.

పది గంటలకి నాకు ఏదో తేడాగా అనిపించింది. క్లాసులు కిక్కిరిసి ఉన్నాయి. రెండు వారాలుగా రానివాళ్ళు వచ్చారు. తమ్ముళ్ళని చంకనేసుకుని వచ్చారు. అందరి చేతుల్లో సత్తుపళ్ళాలు, కొందరి చేతుల్లో ఇంట్లో ఉన్న పెద్ద పళ్ళెం. తలకి నూనె రాసుకుని మరీ వచ్చారు. ఏంటి సంగతి అని ఒక పిల్లనడిగితే, సిగ్గుపడుతూ, "ఇయ్యాల కోళ్ళంట గదా టీచర్," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడాదికొకసారి క్రిస్మసుకో అమ్మవారి జాతరకో కోడి మొహం చూసే పిల్లలు. వాళ్ళ ముందు ఉలవలు పెట్టాలి. పెట్టేటప్పుడు ఎదురుగా మొదలాళి ఉంటాడు. పరుగున వెళ్ళి హెడ్మాస్టరుగారికి చెప్పాను. ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "ఆ దీర్ఘం నాదేనమ్మా. నేనే మొయ్యాలి," అన్నారు.

వర్కుషాపులో మధ్యాహ్నం సంగు, అదే సైరను, ఊదింది. మొదలాళి వచ్చి బెంచీ మీద కూచున్నాడు. పిల్లలు బారులు తీరి కూచున్నారు. వంటామె కాగు మూత తీసింది. తిరగమోత వాసన కమ్మగా గుప్పుమంది గానీ, పళ్ళెంలో పడింది చూసి మొదటి వరస మొహాలు వాడిపోయాయి. రెండో వరస మెడలు చాచి చూసింది. ఎవరో "గుర్రం" అన్నారు, ఇంకెవరో కిసుక్కుమన్నారు. మొదలాళి బెంచీ మీద నిటారుగా అయ్యాడు.

హెడ్మాస్టరుగారు పిల్లల వరసలో ఖాళీ చూసుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూచున్నారు. పళ్ళెం పట్టి, "నాకు కోళ్ళు వెయ్యమ్మా," అన్నారు. వంటామె గరిటెతో వేసింది. గంజన్నంలో ఉలవచారు కలుపుకుని, జుర్రుమని చప్పుడు చేస్తూ తిన్నారు. నటన కాదు. ఎన్నాళ్ళ కరువో తీరుతున్న మనిషి తిండి అది. కళ్ళు అరమోడ్చారు, ముక్కు చివర చెమట పట్టింది. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. ఆయన పక్కనే కూచున్న పిల్ల, నాకు పొద్దున సిగ్గుపడుతూ కోళ్ళని చెప్పిందే, తానూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముద్ద పెట్టుకుంది. వేళ్ళు నాకి, గట్టిగా అంది:

"సార్, ఈ కోళ్ళకి ఎముకలు లేవు సార్!"

దాంతో షెడ్డు రేగిపోయింది. "నా కోడికీ లేవు!" "నాకు తొడ వెయ్యి!" "నాకు రెండు కోళ్ళు!" వంటామె నవ్వు ఆపుకోలేక గరిటె కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని, మళ్ళీ గరిటె తీసుకుంది. ఒక్క గింజ వృథా పోలేదు. కింద పడ్డదాన్ని కూడా ఏరుకుని, "కోడి పారిపోతా ఉంది," అంటూ నోట్లో వేసుకున్నారు.

మొదలాళికి కోడి సంగతి అర్థం కాలేదు. ఏం కోళ్ళు, ఎక్కడి కోళ్ళు అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి వంటామె ఒక పళ్ళెం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తిన్నాడు. ఇంకో గరిటె అడిగాడు. "ఇన్నేళ్ళు అమ్మినాను, ఒకనాడూ తినలే," అన్నాడు నెమ్మదిగా. వెళ్ళేటప్పుడు మూట మాట ఎత్తలేదు. నేను షెడ్డు వెనక్కి వెళ్ళి, గోడకి ఆనుకుని, అమ్మయ్య అని పైకే అనుకున్నాను. మనసు దూదిలా ఉంది. అంత హాయి నాకు పెళ్ళి నాడు కూడా కలగలేదు, ఈ మాట మావారు పోయాక రాస్తున్నాను కాబట్టి ఫరవాలేదు.

ఆ నెలాఖరున కమిటీ పెద్దాయన బెంచీలు వేయించడానికి వచ్చి, షెడ్డు నిండా మొలకెత్తుతున్న ఉలవల మూటలు చూసి, కూచుని గుగ్గిళ్ళు తిని వెళ్ళాడు. పొయ్యి నేను రిటైరయ్యే దాకా ఆరలేదు. కొన్ని నెలలకి లేడీ డాక్టరు మళ్ళీ వచ్చి, పిల్లల నోళ్ళు తెరిపించి చూసి, మూలలు మానాయని చెప్పి, ఏం పెడుతున్నారని ముందు వరసని అడిగారు. "కోళ్ళు!" అని అరిచారందరూ. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

ఆమె వెళ్ళాక హెడ్మాస్టరుగారితో చనువుగా అన్నాను. "సార్, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు కూడా ఇలాగే అంటే మనకి మాట వస్తుంది. రెండు నిమిషాలు పట్టదు, నేను నేర్పిస్తాను. కొ, పొట్టిగా. కొళ్ళు. అనండి సార్."

దీర్ఘం మింగిన పిల్లాణ్ణి ఏనాడూ వదలని ఆ మనిషి, పిల్లలు కడుక్కుని ఎండకి బోర్లించిన పళ్ళాల వైపు చూస్తూ తల అడ్డంగా ఊపారు.

"వద్దమ్మా. ఆ దీర్ఘం తీసేస్తే పిల్లలు తినరు."